రిజిస్ట్రేషన్ గడువు అయిపోయిన పాత కారు చారిటీకి ఇచ్చేయొచ్చా? టైటిల్ ఉంది, ట్యాగ్స్ లేవు

పాతకామ్రీ:
అందరికీ నమస్తే. కాలిఫోర్నియాలో ఉంటాం. మా దగ్గర 2006 కామ్రీ ఒకటి ఉంది, ఇద్దరం వర్క్ ఫ్రం హోమ్‌లో పడ్డాక దాన్ని తీయడమే మానేశాం, తర్వాత ఇంకో కారు కొనుక్కున్నాం, ఇది అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఓ మూల అలాగే ఉండిపోయింది. రిజిస్ట్రేషన్ గడువు అయిపోయి ఏడాది పైనే అయింది, ప్లేటు మీద అంటించే ట్యాగ్స్ (రిజిస్ట్రేషన్ స్టిక్కర్లు) లేవు. రెన్యూ చేద్దామంటే స్మాగ్ టెస్ట్ (పొగ పరీక్ష) కావాలి, స్మాగ్‌కి తీసుకెళ్దామంటే చెక్ ఇంజిన్ లైట్ ఆరట్లేదు, అది బాగుచేయించాలంటే మెకానిక్ చెప్పిన రేటుకి ఇలాంటిదే ఇంకో బండి వస్తుంది. మొన్న లీజింగ్ ఆఫీసు వాళ్ళు అద్దం మీద ఆరెంజ్ స్టిక్కర్ అంటించిపోయారు, ట్యాగ్స్ లేని బండి తీయకపోతే టో చేయిస్తామని. గోకినా రావట్లేదు ఆ స్టిక్కర్. మా ఆవిడేమో ఏదైనా చారిటీకి ఇచ్చేద్దాం, పుణ్యానికి పుణ్యం ట్యాక్స్‌కి ట్యాక్స్ అంటోంది. ఇలాంటి బండి అసలు తీసుకుంటారా? పాత ఫీజులు, పెనాల్టీలు అన్నీ కట్టి రెన్యూ చేసి మరీ ఇవ్వాలా? ఇచ్చినవాళ్ళెవరైనా ఉంటే కాస్త చెప్పండి.

బేఏరియా_బాబాయ్:
ఇవ్వొచ్చు బాబూ, కంగారు పడకు. రిజిస్ట్రేషన్ అనేది బండిని రోడ్డు మీద తిప్పుకోవడానికి కట్టేది. బండి ఎవరిది అని చెప్పేది టైటిల్. చారిటీ వాళ్ళు ఫోన్లో మొట్టమొదట అడిగే ప్రశ్న కూడా అదే, టైటిల్ చేతిలో ఉందా, నీ పేరు మీదే ఉందా అని. ట్యాగ్స్ గురించి అడిగినా అడగకపోయినా టైటిల్ గురించి అడగకుండా ఉండరు. టైటిల్ పోతే డీఎంవీ (స్టేట్ వాహనాల శాఖ)లో డూప్లికేట్‌కి అప్లై చెయ్యాలి, కాలిఫోర్నియాలో ఆ ఫారం పేరు రెగ్ 227.

ఫీజుల సంగతి చెప్తా. కాలిఫోర్నియాలో బాకీ పడ్డ రిజిస్ట్రేషన్ ఫీజులు బండితో పాటే పోతాయి, అంటే కొన్నవాడు మళ్ళీ రోడ్డెక్కించాలంటే వాడు తేల్చుకోవాలి. అందుకే కొన్ని చారిటీలు బండి ఒప్పుకునే ముందు ఎన్నాళ్ళయింది అయిపోయి అని అడుగుతాయి, మరీ ఏళ్ళ తరబడి అయితే ఫీజులు బండి ధర కంటే ఎక్కువై ఎవరూ కొనరు కదా. నీది ఏడాదే కాబట్టి పర్లేదు. రెన్యూ చేసి ఇవ్వడం మాత్రం దండగ, ఆ డబ్బేదో నేరుగా చారిటీకే ఇచ్చెయ్.

స్మాగ్ కూడా అంతే. మనిషికి మనిషి అమ్ముకుంటే స్మాగ్ సర్టిఫికెట్ అమ్మేవాడి మెడకి చుట్టుకుంటుంది. చారిటీకి ఇచ్చిన పాత బండ్లు ఎక్కువగా ఆక్షన్‌కో తుక్కు యార్డుకో పోతాయి, అక్కడ సాధారణంగా నిన్ను స్మాగ్ అడగరు.

ఇంకోటి, పార్కింగ్ ఖాళీ చేయమన్నారు కదా అని తీసి వీధిలో పెట్టేవు. పబ్లిక్ రోడ్డు మీద రిజిస్ట్రేషన్ అయిపోయి ఆరు నెలలు దాటిన బండి కనిపిస్తే ఇక్కడ పోలీసులు నేరుగా టో చేయించొచ్చు. లీజింగ్ ఆఫీసుకి ఒక ఈమెయిల్ కొట్టు, ఫలానా తారీఖున పిక్అప్ బుక్ అయింది అని, చాలామంది మేనేజర్లు ఆగుతారు.

ఓరుగల్లు_టు_డాలస్:
బాబాయ్ చెప్పింది కరెక్టే గని అసలు కథ బండి పోయినంక మొదలైతది అన్నా. మా బామ్మర్ది ఒకడు హ్యూస్టన్‌ల తన ఆల్టిమా డొనేట్ చేసిండు, టో బండి వచ్చి తీస్కపోయింది, మనోడు చేతులు దులుపుకున్నడు. ప్లేట్లు దానికే ఉంచిండు, డీఎంవీకి ఏం చెప్పలే. కొన్ని నెలలకు టోల్ బిల్లులు మొదలైనయ్. ఆక్షన్‌ల ఎవడో కొన్నడు, పేరు మార్చుకోలే, గదే ప్లేటుతోని టోల్ రోడ్ల మీద తిరుగుతున్నడు. కంప్యూటర్‌ల ఓనర్ ఎవరు అంటే మా బామ్మర్దే. ఇగ ప్రతి బిల్లుకు ఫోన్ చేసుడు, డొనేషన్ రిసీట్ పంపుడు, మళ్ళ ఇంకో బిల్లు వచ్చుడు.

టెక్సస్‌ల అయితే ప్లేట్లు, అద్దం మీద రిజిస్ట్రేషన్ స్టిక్కర్ పీకి ఉంచుకోవాలె, వెహికల్ ట్రాన్స్‌ఫర్ నోటిఫికేషన్ అని ఉంటది, అది 30 రోజుల లోపల ఆన్‌లైన్‌ల పెట్టాలె, పైస ఖర్చు లేదు. ఒక్కో స్టేట్‌ల ఒక్కో తీరు ఉంటది, మీ స్టేట్ సైట్‌ల చూస్కోండ్రి. బండి ఇచ్చుడు కాదు ముఖ్యం, బండి మీదికెళ్లి మన పేరు తీయించుడు ముఖ్యం.

బేఏరియా_బాబాయ్:
భలే గుర్తు చేశావ్ వరంగల్. కాలిఫోర్నియాలో మామూలు ప్లేట్లు బండితోనే పోతాయి, పీకకూడదు. సొంతంగా డబ్బు కట్టి రాయించుకున్న పేరు ప్లేటు అయితే అది నీదే, ఉంచుకోవచ్చు. అందుకే ఇక్కడ రిలీజ్ ఆఫ్ లయబిలిటీ, అంటే బండి ఇక నా బాధ్యత కాదని డీఎంవీకి చెప్పే నోటీసు, ఇంకా ముఖ్యం. ఫారం పేరు రెగ్ 138, బండి ఇచ్చిన అయిదు రోజుల లోపు పెట్టాలి, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. అందులో బండి ఎవరికి ఇచ్చావో వాళ్ళ పేరు, అడ్రస్, ఇచ్చిన తారీఖు అడుగుతుంది కాబట్టి టో డ్రైవర్ వెళ్ళిపోయేలోగా రిసీట్ మీద చారిటీ అడ్రస్ ఉందో లేదో చూసుకో. పెట్టాక వచ్చే కన్ఫర్మేషన్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి దాచు. ఫాస్ట్‌ట్రాక్ (టోల్ కట్టే) అకౌంట్‌లో ఈ ప్లేటు ఉంటే అది కూడా తీసెయ్యాలి, చాలామంది ఇది మర్చిపోతారు, ఎవడో బ్రిడ్జి దాటితే నీ కార్డులో కోత పడుతుంది.

పన్నుల_పిన్ని:
ట్యాక్స్ అన్న మాట వినపడింది కాబట్టి వచ్చాను. నేను చెప్పేది మీ ఆవిడకి నచ్చకపోవచ్చు.

బ్లూ బుక్‌లో (పాత కార్ల ధరలు చెప్పే లిస్టు) బండి విలువ 2,500 అని చూపిస్తోంది కాబట్టి అంత రాసుకోవచ్చు అనేది 2004తోనే పోయింది. ఆ ఏడాది చట్టం మార్చారు, 2005 నుంచి రూల్ ఏంటంటే 500 డాలర్లకి మించి క్లెయిమ్ చెయ్యాలంటే చారిటీ ఆ బండిని ఎంతకి అమ్మిందో అంతే మీ డిడక్షన్ (పన్ను లెక్కించే ఆదాయంలోంచి తీసేసే మొత్తం). ఆక్షన్‌లో 700కి పోతే 700. 500 గానీ అంతకంటే తక్కువకి గానీ పోతే అప్పుడు బండి మార్కెట్ విలువ, 500 ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది. అంటే 300కే అమ్ముడుపోయినా దాని అసలు విలువ 500 పైనే అని మీరు చూపించగలిగితే 500 రాసుకోవచ్చు. మినహాయింపులు ఉన్నాయి, చారిటీ ఆ బండిని అమ్మకుండా తన పనికే గట్టిగా వాడుకున్నా, పెద్ద రిపేర్లు చేయించినా, పేదవాళ్ళకి ఉచితంగానో బాగా తక్కువకో ఇచ్చినా మార్కెట్ విలువ రాసుకోవచ్చు. చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతున్న 2006 కామ్రీకి ఆ యోగం ఉందని నేననుకోను.

ఇక రెండోది. డిడక్షన్ 500 అంటే చేతికి 500 వచ్చినట్టు కాదండి. 22 శాతం బ్రాకెట్‌లో ఉన్నవాళ్ళకి అది 110 డాలర్లు. అదీ ఐటమైజ్ చేస్తేనే, అంటే ఖర్చులు ఒక్కొక్కటిగా రాసి డిడక్షన్ తీసుకుంటేనే. 2025కి జాయింట్‌గా (భార్యాభర్తలు కలిపి) ఫైల్ చేసేవాళ్ళకి స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు రాయకుండా ఒకేసారి తీసుకునేది) 31,500. మీరు అపార్ట్‌మెంట్‌లో అద్దెకి ఉంటున్నారు అంటే మార్ట్‌గేజ్ వడ్డీ లేదు, ప్రాపర్టీ ట్యాక్స్ లేదు. స్టేట్ ట్యాక్స్ ఎంత గట్టిగా కట్టినా 31,500 దాటడం కష్టమే. సాల్ట్ లిమిట్ (స్టేట్, లోకల్ పన్నులు ఎంతవరకు రాసుకోవచ్చనే హద్దు) 10,000 నుంచి 40,000కి పెంచారు కాబట్టి కొందరికి ఇప్పుడు దాటుతోంది, మీ ఫిగర్లు మీరే చూసుకోండి.

2026 నుంచి ఇంకో మెలిక పెట్టారు. ఐటమైజ్ చేసేవాళ్ళకి చారిటీలో ఏజీఐకి (సర్దుబాట్ల తర్వాత మిగిలే మొత్తం ఆదాయానికి) అర శాతం వరకు లెక్కలోకి రాదు. ఇద్దరి ఆదాయం కలిపి రెండు లక్షలు అనుకోండి, మొదటి 1,000 డాలర్ల దానం గాలికి పోయినట్టే. అంటే ఆ ఏడాది మీరు చేసిన దానం ఈ కారొక్కటే అయితే డిడక్షన్ సున్నా. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్ళకి కూడా 2026 నుంచి జాయింట్‌గా 2,000 వరకు దానం రాసుకునే వీలు ఇచ్చారు గానీ అది క్యాష్‌కి మాత్రమే, కార్లకి పనికిరాదు.

కాబట్టి పుణ్యం కోసం అయితే ఇవ్వండి, పార్కింగ్ ఖాళీ అవడానికి అయితే ఇవ్వండి. ట్యాక్స్ కోసం అయితే ఈ థ్రెడ్ ఇక్కడితో ఆపేయొచ్చు.

పాతకామ్రీ:
పిన్నిగారూ మీ పోస్ట్ మా ఆవిడకి చూపించా, ఒక నిమిషం మౌనం పాటించి "అయినా ఇద్దాం" అంది. సరే.

ఇప్పుడు అసలు చిక్కు. టైటిల్ బయటికి తీశా. దాని మీద మా ఇద్దరి పేర్లు ఉన్నాయి, మధ్యలో అండ్ అని ఉంది. కింద లీన్‌హోల్డర్ (లోన్ తీరేదాకా బండి మీద హక్కు ఉన్నవాళ్ళు) అని ఒక బ్యాంకు పేరు కూడా ఉంది. లోన్ ఎప్పుడో తీరిపోయింది, ఆ బ్యాంకు ఇప్పుడు ఆ పేరుతో లేదు కూడా. మా ఆవిడ వచ్చే వారం ఇండియా వెళ్తోంది, రెండు నెలలు ఉండదు. ఇదేమైనా ప్రాబ్లమా?

బేఏరియా_బాబాయ్:
ప్రాబ్లమే, కానీ తీరేదే. ముందు చెయ్యాల్సింది మీ ఆవిడ ఫ్లైట్ ఎక్కేలోపు సంతకం. అండ్ ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలి, ఆర్ ఉంటే ఒక్కరు చాలు. ఆవిడ వెళ్ళిపోతే పవర్ ఆఫ్ అటార్నీ ఫారం మీద సంతకం చేసి ఉంచాలి, అది మళ్ళీ ఇంకో కాగితం. టైటిల్ మీద ఎక్కడ సంతకం పెట్టాలో చారిటీని అడిగి మరీ పెట్టండి. కొనేవాడి పేరు రాసే చోట మీ పేరు రాయడం, తప్పు పడింది కదా అని వైట్నర్ పూయడం, కొట్టేసి పక్కన రాయడం, ఇవి చేస్తే టైటిల్ చెల్లకపోవచ్చు, మళ్ళీ డూప్లికేట్‌కి పరిగెత్తాల్సి రావచ్చు. ఓడోమీటర్ రీడింగ్ గొడవ నీకు లేదు, 2010 మోడల్, అంతకంటే పాత బండ్లకి ఫెడరల్ రూల్ ప్రకారం అది మినహాయింపు. 2011 నుంచి వచ్చిన మోడల్స్‌కి 20 ఏళ్ళ దాకా రాయాలి.

లీన్ గురించి. బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోతే ఇప్పుడున్న బ్యాంకే లీన్ రిలీజ్ (ఆ హక్కు వదులుకున్నట్టు కాగితం) ఇవ్వాలి. వాళ్ళ ఆటో లోన్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) చెప్పి లీన్ రిలీజ్ లెటర్ కావాలి అను, కస్టమర్ కేర్ వాళ్ళకి చెబితే మొదట అర్థం కాదు, ఆ ముక్కే పట్టుకుని అడుగు. బ్యాంకు దివాలా తీసి మూతపడిన కేసు అయితే ఎఫ్‌డీఐసీ (బ్యాంకు డిపాజిట్లకి బీమా ఇచ్చే ఫెడరల్ సంస్థ) దగ్గర లీన్ రిలీజ్ కోసం వేరే దారి ఉంది.

ఓరుగల్లు_టు_డాలస్:
ఇంకో ముచ్చట. కొన్ని స్టేట్‌లల్ల లోన్ ఉన్నప్పుడు కాగితం టైటిల్ అసల్ ఉండదు, కంప్యూటర్‌లనే ఉంటది. లోన్ తీరినంక కాగితం కావాలె అని మనమే అడగాలె. టో బండి వచ్చినంక టైటిల్ ఏది అంటే మా దగ్గర లేదు అని మొఖం తెల్లగ పెట్టుకునేటోళ్ళను చూసిన.

నట్టు_బోల్టు:
మెకానిక్ షాపులో చాలాకాలం పనిచేశా కాబట్టి నా మాట కూడా వినండి. 2006 కామ్రీ అంటే అంత తీసిపారేసే బండి కాదు. ఇంజిన్ స్టార్ట్ అవుతోందా? ఆ చెక్ ఇంజిన్ లైట్ కోడ్ ఏంటి? ఆటో పార్ట్స్ షాపుల్లో చాలాచోట్ల ఫ్రీగా స్కాన్ చేస్తారు. గ్యాస్ క్యాప్ వదులుగా ఉన్నా ఆ లైట్ వెలుగుతుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుభ్రం చేసే భాగం) పోయినా అదే లైట్. మొదటిదైతే కొత్త క్యాప్‌తో పోతుంది, రెండోదైతే కాలిఫోర్నియా ఆమోదించిన కన్వర్టర్ రేటు విని దణ్ణం పెట్టి వచ్చేస్తాం. రేటు అంత చెప్పారంటే అదే అయ్యుంటుంది.

డొనేట్ చేసేముందు తుక్కు యార్డుకి కూడా ఫోన్ చేసి రేటు అడగండి, ఒరిజినల్ కన్వర్టర్ బండి కింద ఉందా లేదా అనే దాన్ని బట్టి రేటు చాలా మారుతుంది. ఎక్కువకాలం నిలబెట్టిన టొయోటా కింద ఒకసారి వంగి చూడండి, దొంగలు ఎప్పుడో కోసుకుపోయి ఉండొచ్చు. స్టార్ట్ చేస్తే ట్రాక్టర్ చప్పుడు వస్తే అది లేనట్టే.

కాలిఫోర్నియాలో ఇంకో దారి కూడా ఉంది, బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ వాళ్ళు స్మాగ్ పాసవని బండ్లని రిటైర్ చేయించుకుని డబ్బిస్తారు, వెయ్యి పైమాటే. కానీ బండి తనంతట తాను నడిచి యార్డు దాకా రావాలి, రిజిస్ట్రేషన్ ఎక్కువకాలం లాప్స్ అయ్యుంటే కుదరదు. ఈయన బండికి ఆ అవకాశం చేజారిపోయినట్టే. ఇంకా ట్యాగ్స్ పోని వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ముందు అది చూసుకోండి.

అమ్మితే వచ్చిన డబ్బు నచ్చిన చారిటీకి క్యాష్‌గా ఇవ్వండి, మధ్యలో ఎవడూ తినడు.

పాతకామ్రీ:
కింద చూశా, కన్వర్టర్ ఉంది. స్టార్ట్ మాత్రం అవ్వట్లేదు, బ్యాటరీ చచ్చింది. ముందు టైరు ఒకటి పూర్తిగా కూర్చుండిపోయింది. "మధ్యలో ఎవడూ తినడు" అన్నారు, అదేంటి?

పన్నుల_పిన్ని:
నట్టు బోల్టు గారు అన్నది నిజమేనండి. రేడియోలో, టీవీలో పాట పాడి మరీ కార్లు అడిగే వాటిల్లో చాలా వరకు పని చేసేది చారిటీ కాదు, మధ్యలో ఒక లాభాల కంపెనీ. ఫోన్ ఎత్తేది వాళ్ళే, టో పంపేది వాళ్ళే, ఆక్షన్ చేయించేది వాళ్ళే, ఖర్చులు, కమిషన్ పోగా మిగిలింది చారిటీకి. మంచి ధర పలికే బండి అయితే పర్లేదు, 400 డాలర్ల బండిలో టో, ఆక్షన్ ఫీజు పోగా చారిటీకి చేరేది ఎంతో మీరే ఊహించుకోండి. ఇందులో చట్టవిరుద్ధం ఏం లేదు, కానీ అడగాలి. మా బండి అమ్మితే మీకెంత శాతం వస్తుంది అని నేరుగా చారిటీ ఆఫీసుకే ఫోన్ చేసి అడగండి, చెప్పడానికి నీళ్ళు నమిలితే వేరేవాళ్ళని చూసుకోండి.

ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) సైట్‌లో ట్యాక్స్ ఎగ్జెంప్ట్ ఆర్గనైజేషన్ సెర్చ్ అని ఉంటుంది, అక్కడ పేరు కొట్టి చూడండి. అందులో 501(సి)(3) (పన్ను మినహాయింపు ఉన్న చారిటీ) కింద కనిపించకపోతే, గుళ్ళు చర్చిల లాంటి వాటికి కొన్ని మినహాయింపులు ఉన్నా, మీలాంటివాళ్ళు పక్కకి తప్పుకోవడమే మంచిది. కార్ల దానం గురించి ఐఆర్ఎస్ వాళ్ళదే చిన్న పుస్తకం ఉంది, పబ్లికేషన్ 4303, నాలుగు పేజీలు చదివితే ఇక్కడ మేం వాగేదంతా అందులో ఉంటుంది.

ఎఫ్‌వన్_బక్రా:
అన్నా మధ్యలో దూరుతున్నందుకు సారీ. చారిటీ ఎందుకు, మాలాంటి స్టూడెంట్‌కి ఇచ్చేయొచ్చుగా? మేము నలుగురం రూమ్మేట్స్, గ్రోసరీకి బస్సులో వెళ్ళి బియ్యం బస్తా మోసుకొస్తున్నాం. టైరు మేం మార్చుకుంటాం బ్యాటరీ మేం వేసుకుంటాం. జోక్ కాదు సీరియస్.

నట్టు_బోల్టు:
తమ్ముడూ బస్తా మొయ్యి, ఈ బండి మాత్రం వద్దు. నీ పేరు మీదకి మార్చుకోవాలంటే ఆ బాకీ ఫీజులు నువ్వు కట్టాలి, స్మాగ్ పాసవ్వాలి, పాసవ్వాలంటే కన్వర్టరో ఇంకేదో మార్చాలి. ఉచితంగా వచ్చిన బండి మీద వేలల్లో పోసి చివరికి ఫెయిలైతే అప్పుడు నువ్వు డొనేట్ చెయ్యాలి దాన్ని. ట్యాగ్స్ లేకుండా తిప్పి పట్టుబడితే టికెట్ నీ పేరు మీద, వీసా మీద ఉన్నవాడికి ఎందుకొచ్చిన తద్దినం.

పన్నుల_పిన్ని:
పైగా వ్యక్తికి ఇస్తే అది గిఫ్ట్ కానీ దానం కాదు బాబూ, ఇచ్చినాయనకి డిడక్షన్ రాదు. ఎలాగూ రాదులే అనుకో.

స్టూడెంట్స్ అడుగుతుంటారు కాబట్టి ఇది కూడా చెప్తా. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద నాన్ రెసిడెంట్‌గా ఫైల్ చేసేవాళ్ళకి మామూలుగా స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు, ఇండియా నుంచి వచ్చిన స్టూడెంట్స్‌కి మాత్రం ట్యాక్స్ ట్రీటీ ఆర్టికల్ 21 కింద ఉంటుంది. అది తీసుకుంటే ఐటమైజ్ చెయ్యలేరు. కాబట్టి చదువైపోయి ఇండియా వెళ్ళేముందు కారు డొనేట్ చేసి ట్యాక్స్‌లో కలిసొస్తుంది అని ఎవరైనా సీనియర్ చెబితే నమ్మకండి. ఎవరికైనా అమ్మేసి వెళ్ళండి. ఇంకా ముఖ్యంగా కారు ఫ్రెండ్ దగ్గర వదిలేసి "నువ్వే ఏదోటి చెయ్" అని ఫ్లైట్ ఎక్కకండి. టైటిల్ మీద పేరున్నవాళ్ళ సంతకం లేకుండా ఆ ఫ్రెండ్ దాన్ని అమ్మలేడు, దానమూ చెయ్యలేడు, రెన్యూవల్ నోటీసులు మాత్రం అందుకుంటాడు.

ఎఫ్‌వన్_బక్రా:
మా ముందు బ్యాచ్ వాళ్ళ సెంట్రా ఒకటి అచ్చం ఇలాగే మా అపార్ట్‌మెంట్ వెనక ఉంది అక్కా. ఇప్పుడు అర్థమైంది ఎందుకుందో.

ఎడిసన్_వదిన:
న్యూజెర్సీ, న్యూయార్క్ వాళ్ళ కోసం ఒక మాట, ఇక్కడ లెక్క వేరే. ప్లేట్లు బండికి కాదు మనకి చెందుతాయి, పీకి వెనక్కి ఇచ్చేయాలి. న్యూయార్క్‌లో అయితే ముందు ప్లేట్లు సరెండర్ చేసి ఆ రిసీట్ చేతికి వచ్చాకే ఇన్సూరెన్స్ ఆపాలి. బండి ఇచ్చేశాం కదా అని ముందే ఇన్సూరెన్స్ క్యాన్సిల్ చేస్తే డీఎంవీ కంప్యూటర్‌కి ఇన్సూరెన్స్ లేని రిజిస్ట్రేషన్ అని కనపడి, ఫైన్ వేస్తారు, రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేస్తారు, ముదిరితే లైసెన్స్ దాకా వస్తుంది. ఫ్లోరిడాలో కూడా ప్లేటు ముందు, ఇన్సూరెన్స్ తర్వాత.

పాతకామ్రీ గారూ మీరు కాలిఫోర్నియా కాబట్టి ప్లేట్ల గొడవ లేకపోయినా ఇన్సూరెన్స్ మాత్రం బండి కదిలాకే ఆపండి.

అలాగే బండి ఇచ్చే ముందురోజు నింపాదిగా కూర్చుని ఖాళీ చెయ్యండి, టో వాడు వచ్చాక హడావిడిగా కాదు. మావారి అకార్డ్ ఇచ్చేటప్పుడు గ్లవ్ బాక్స్‌లో ఏం దొరికాయో చెప్తే నవ్వుతారు, పాత ఈఏడీ (వర్క్ పర్మిట్) జిరాక్స్, నా లైసెన్స్ పర్మిట్, పిల్లాడి వ్యాక్సిన్ కార్డు, ఎప్పటిదో చెక్కు బుక్కు. సన్ వైజర్‌కి గరాజ్ రిమోట్. బ్లూటూత్‌లో మా ఫోన్ కాంటాక్ట్స్ అన్నీ, నావిగేషన్‌లో హోమ్ అని మా ఇంటి అడ్రస్. అవన్నీ డిలీట్ చేశాం. డాష్‌బోర్డ్ మీద వినాయకుడు డబుల్ టేప్‌తో అంటుకుపోయి రానంటే రానన్నాడు, హెయిర్ డ్రైయర్‌తో వేడి చేసి పళ్ళ మధ్య దారంతో కోస్తే ఊడాడు. దేవుణ్ణి తుక్కులోకి ఎలా పంపుతాం చెప్పండి.

పాతకామ్రీ:
వదినా మా దాంట్లో వెంకటేశ్వర స్వామి, ఇంకా ట్రంకులో ఒక ప్రెషర్ కుక్కర్. కుక్కర్ ఎందుకుందో ఇద్దరికీ గుర్తులేదు. హెయిర్ డ్రైయర్ టెక్నిక్ వాడతా, ఆ ఆరెంజ్ స్టిక్కర్ మీద కూడా.

రిటైర్డ్_సారు:
ఆలస్యంగా చూశాను. మీ దగ్గర్లో కమ్యూనిటీ కాలేజీలో ఆటోమోటివ్ ప్రోగ్రాం ఉందేమో కనుక్కోండి. కొన్ని కాలేజీలు పిల్లలు నేర్చుకోవడానికి పాత బండ్లు తీసుకుంటాయి, వాళ్ళకి స్మాగ్, ట్యాగ్స్ పట్టవు, ఇంజిన్ విప్పి బిగించడానికే కాబట్టి. అన్ని కాలేజీలూ తీసుకోవు, స్థలం ఉండదు, కొందరికి కొత్త మోడల్సే కావాలి. అడిగితే పోయేదేం లేదు. కమిషన్ల గొడవ లేకుండా బండి మొత్తం ఎవరో ఒకరికి పనికొస్తుంది.

నట్టు_బోల్టు:
ఇది మంచి మాట సారు. కామ్రీ ఇంజిన్ మీద చెయ్యి తిరిగితే సగం షాపుల్లో పనికొచ్చినట్టే. తుక్కు మాట వెనక్కి తీసుకుంటున్నా, ముందు కాలేజీకి ఫోన్ చెయ్యండి.

పాతకామ్రీ:
అప్‌డేట్. కాలేజీ వాళ్ళు బాగానే మాట్లాడారు గానీ ఈ సెమిస్టర్‌కి యార్డులో చోటు లేదన్నారు. మా ఆవిడ ఎప్పట్నుంచో డబ్బు పంపే ఒక ఫుడ్ బ్యాంక్ ఉంది, వాళ్ళకి కార్ల ప్రోగ్రాం ఉంది, ఆఫీసుకి ఫోన్ చేసి పిన్నిగారు చెప్పినట్టు శాతం ఎంత అని అడిగా, అటువైపు ఆవిడ తడుముకోకుండా చెప్పింది, మధ్యవాళ్ళకి పోయేది కూడా చెప్పింది. అందుకే వాళ్ళకే ఖాయం చేశాం. ట్యాగ్స్ పోయాయి అంటే "పర్లేదు, టైటిల్ ఉందా" అంది, బాబాయ్ చెప్పిన డైలాగ్ అక్షరం పొల్లుపోకుండా.

లీన్ రిలీజ్ లెటర్ కోసం ఫోన్లో బోల్డంత సేపు పాట విన్నా. ఆటో లోన్ డిపార్ట్‌మెంట్ అనగానే పని అయింది, లెటర్ పోస్టులో వచ్చింది. మా ఆవిడ ఫ్లైట్‌కి ముందే సంతకం పెట్టేసింది.

నిన్న టో బండి వచ్చింది, ఫ్లాట్‌బెడ్. టైరు కూర్చుంది కదా ఎలా లాగుతాడో అనుకున్నా, విన్చ్ తగిలించి అయిదు నిమిషాల్లో పైకెక్కించాడు. పైసా అడగలేదు. టైటిల్, లీన్ లెటర్, తాళం చెవి తీసుకుని ఒక రిసీట్ ఇచ్చాడు. చారిటీ అడ్రస్ అందులో లేదు, బాబాయ్ మాట గుర్తొచ్చి అడిగితే చేత్తో రాసిచ్చాడు. అతను గేటు దాటకముందే రిలీజ్ ఆఫ్ లయబిలిటీ ఫోన్లోనే కొట్టేశా, స్క్రీన్‌షాట్ తీశా. ఫాస్ట్‌ట్రాక్ నుంచి ప్లేటు తీసేశా. ఇన్సూరెన్స్ ఇవాళ ఆపించా.

టో వాడిచ్చిన రిసీట్ ఉంటే ట్యాక్స్‌కి చాలా పిన్నిగారూ? ఐటమైజ్ చేస్తామో లేదో తెలీదు, ఉంచుకుందామని.

పన్నుల_పిన్ని:
చాలదండి. అది బండి తీసుకెళ్ళారు అనడానికే. మీకు కావాల్సింది 1098-సి ఫారం. బండి అమ్మిన 30 రోజుల లోపు చారిటీ పంపాలి. అందులో విన్ నంబర్ సరిగ్గా ఉందో చూడండి, 4సి అనే గడిలో అమ్మిన మొత్తం ఉంటుంది, 500 మించితే మీరు రాసుకునేది ఆ అంకే. మీ సోషల్ సెక్యూరిటీ నంబర్ అడుగుతారు, 500 పైన క్లెయిమ్‌కి అది ఉండాలి, కాకపోతే మధ్యవాళ్ళ టెక్స్ట్ మెసేజ్‌కి కాకుండా చారిటీ ఇచ్చిన దారిలోనే ఇవ్వండి. 500 దాటితే రిటర్న్‌లో ఫారం 8283 కూడా నింపాలి, 1098-సి కాపీ జతచెయ్యాలి. ఈ-ఫైల్ చేసేవాళ్ళు పీడీఎఫ్‌గా జతచెయ్యొచ్చు, లేదంటే ఫారం 8453తో పోస్టులో పంపాలి.

ఏడాది చివర్లో ఇచ్చేవాళ్ళకి ఒకటి. బండి డిసెంబర్‌లో ఇచ్చి అది జనవరిలో అమ్ముడుపోయినా దానం ఇచ్చిన ఏడాదిలోకే వస్తుంది, ఫారం మాత్రం ఆలస్యంగా వస్తుంది, అది చేతికొచ్చేదాకా ఫైల్ చెయ్యకండి.

ఎఫ్‌వన్_బక్రా:
అక్కా ఆ సెంట్రా ఓనర్ నంబర్ దొరికింది, గుంటూరులో ఉన్నాడు. టైటిల్ తనతో పాటు ఇండియా తీసుకెళ్ళిపోయాడంట.

బేఏరియా_బాబాయ్:
ఇంకా నయం పారేయలేదు. సంతకం పెట్టి కొరియర్ చెయ్యమను, సంతకం ఎక్కడ పెట్టాలో ముందు ఫోటో తీసి పంపమను, మనం చూసి చెప్పాకే పెన్ను ముట్టుకోమను. సెంట్రా ఏ స్టేట్ ప్లేట్లో చెప్పు, దాన్ని బట్టి మిగతాది చూద్దాం. కొత్త థ్రెడ్ తెరువు, ఇక్కడే కలిపేస్తే తర్వాత వచ్చేవాళ్ళకి అర్థం కాదు.